గొంతు జబ్బు తగ్గింది, ఇప్పుడు పాలు ముక్కులోంచి వస్తున్నాయి

చంద్రగిరి_మేనమామ
మా అక్క కూతురికి ఆరు దాటి ఏడు నడుస్తోంది. పోయిన నెలలో జ్వరం, గొంతు నొప్పి వచ్చాయి, మెడ రెండు వైపులా వాచింది. గొంతులో బూడిద రంగు పొర చూడగానే డాక్టరుగారు డిఫ్తీరియా అన్నారు. మనం బడిలో కంఠసర్పి అని చదువుకున్నదే. ఆస్పత్రిలో పెట్టుకుని విరుగుడు సీరం ఎక్కించారు, పెన్సిలిన్ ఇచ్చారు, గుండెకు ఈసీజీలు తీస్తూ వచ్చారు. ఇంటికి పంపాక తిండి కూడా బాగానే తిన్నది. గండం గడిచిందనుకున్నాం.

మొన్నటి నుంచి గొంతు మారింది. ముక్కుతో మాట్లాడుతోంది. పాలు తాగితే సగం ముక్కులోంచి బయటికి వస్తున్నాయి. ఎవరూ చెప్పకుండానే, గ్లాసు ఎత్తేటప్పుడు ఎడమ చేత్తో ముక్కు మూసుకోవడం నేర్చుకుంది. "పప్పు" అంటే "మమ్ము" అన్నట్టు వినబడుతోంది. నన్ను "మామా" అని పిలిస్తే మాత్రం మునుపటిలాగే ఉంది. మా అమ్మ ఏమో కొండనాలుక జారిందని, మిరియాల పొడి అద్ది నొక్కాలని పట్టు పట్టింది. పక్కింటివాళ్లు పడిశం అంటున్నారు. జబ్బు తిరగబెట్టిందా? ఆదివారం కావడంతో డాక్టరుగారి ఫోను మోగుతోంది కానీ ఎవరూ ఎత్తడం లేదు.

తోతాపురి
కొండనాలుక్కి మందు వేస్తే ఉన్న నాలుక ఊడిందని మన పెద్దవాళ్లే అన్నారు కదా. అమ్మమ్మగారికి ఆ మాటే గుర్తు చేయండి. మిరియాలు చారులోకి పనికొస్తాయి.

బైరాగిపట్టెడ_అమ్మ
నవ్వులాట పక్కన పెట్టండి. దయచేసి గొంతులో ఎవరూ వేలు పెట్టకండి.

వార్డు_సిస్టర్
పిల్లల వార్డులో పనిచేసి రిటైరయ్యాను. జబ్బు తిరగబెట్టలేదు. ఆ జబ్బు విషం నరాల మీద ఆలస్యంగా చూపే ప్రభావం ఇది. మొదటగా దెబ్బ తినేది మెత్తటి అంగిలి. మింగేటప్పుడు, మాట్లాడేటప్పుడు అంగిలి పైకి లేచి ముక్కు దారి మూయాలి. నరం చచ్చుబడితే అది లేవదు, పాలు ముక్కులోకి పోతాయి. సాధారణంగా జబ్బు మొదలైన మూడో వారం ప్రాంతంలో కనిపిస్తుంది, కొందరిలో ఇంకా ముందే. టార్చి వేసి "ఆ" అనమంటే కొండనాలుక కదలకుండా వేలాడుతూ కనబడుతుంది. అమ్మగారు చూసి జారిందన్నది అదే. ఆమె కళ్లు సరిగ్గానే చూశాయి, మందు మాత్రం అది కాదు.

ఇప్పుడు చేయవలసింది: సోమవారం దాకా ఆగకండి. ఈ రోజే ఆస్పత్రికి తీసుకుపోండి. అంగిలితో పాటు మింగే కండరాలు కూడా బలహీనపడితే పాలు ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం ఉంది. వెళ్లేదాకా పలచటి ద్రవాలు ఏవీ పట్టకండి. పడుకోబెట్టి అసలే పట్టకండి. డిశ్చార్జి కాగితాలు, ఈసీజీలు అన్నీ వెంట ఉండాలి. డ్యూటీ డాక్టరు కొత్తవారైతే "నెల కిందట డిఫ్తీరియా" అనే మాట మీరే ముందుగా చెప్పండి. చెప్పకపోతే వాళ్లు మొదట పడిశమే వెతుకుతారు.

చంద్రగిరి_మేనమామ
వెళ్తున్నాం. ఒక్క మాట, ఇది అంటుకుంటుందా? ఇంట్లో చంటివాడు కూడా ఉన్నాడు.

వార్డు_సిస్టర్
నరాల బలహీనత అంటుకోదు. అంటుకునేది గొంతులో సూక్ష్మజీవి ఉన్నప్పుడే. మందుల కోర్సు అయ్యాక గొంతు నమూనా రోజు తేడాతో రెండుసార్లు తీసి, రెండింట్లోనూ ఏమీ లేదంటేనే వదిలిపెడతారు. ఆ రిపోర్టులు మీ కాగితాల్లో ఉన్నాయో లేదో చూడండి. పాపకు జబ్బు వచ్చినప్పుడే ఇంట్లో అందరికీ ముందు జాగ్రత్త మందు ఇచ్చి ఉండాలి. ఇవ్వకపోతే ఈ రోజే అడగండి.

పలుకుబడి
స్పీచ్ థెరపీ నా వృత్తి. మేనమామగారు రాసినదాంట్లో "మామా" మాత్రం మునుపటిలాగే ఉందన్న ముక్క నన్ను ఆపేసింది. అది చాలా చక్కటి గమనిక. మ, న పలికేటప్పుడు గాలి మామూలుగానే ముక్కులోంచి పోవాలి, అందుకే అవి చెడలేదు. ప, బ, ట, డ, క లాంటివాటికి నోట్లో గాలి ఒత్తిడి నిలవాలి. అంగిలి మూయకపోతే ఆ గాలి ముక్కులోంచి జారిపోతుంది, అందుకే "పప్పు" కాస్తా "మమ్ము" అయింది. పడిశంలో దీనికి సరిగ్గా తలకిందులు. ముక్కు మూసుకుపోవడం వల్ల "మామ" కాస్తా "బాబ" లాగా వినబడుతుంది. కాబట్టి పక్కింటివాళ్ల పడిశం వాదన ఇక్కడే వీగిపోయింది.

తోతాపురి
ఈ లెక్కన మేనమామలకు అదృష్టం ఉంది, బాబాయిలకు లేదు.

అనుమానాల_పుట్ట
నాకు ఒక సందేహం. జబ్బు తగ్గాక వచ్చిందంటున్నారు. మధ్యలో ఇచ్చింది ఏమిటి? గుర్రం రక్తంలోంచి తీసిన సీరం. చచ్చుబాటు ఆ ఇంజెక్షన్ వల్లే అయి ఉండకూడదా? మా బంధువుల్లో ఒకరికి ఏదో ఇంజెక్షన్ తరువాత కాలు లాగేసింది.

నిద్రపట్టని_నాన్న
నేను ఇలాంటి మాటలు అప్పట్లో ఆస్పత్రి వరండాలోనే విన్నాను. ఆ సీరం రావడం ఆలస్యమైతే ఏమవుతుందో కళ్లారా చూసినవాడిని కాబట్టి ఓపికగా రాయలేను. ఇంకెవరైనా చెప్పండి.

రిటైర్డ్_సైన్సు_మాస్టారు
నేను చెబుతాను. పుట్టగారి సందేహానికి చరిత్రే జవాబు. బేరింగ్, కిటసాటో విరుగుడు సీరం సంగతి ప్రకటించింది 1890లో. దానికే బేరింగ్‌కు 1901లో వైద్యంలో మొట్టమొదటి నోబెల్ వచ్చింది. కానీ ఈ గొంతు జబ్బు తరువాత అంగిలి, కాళ్లు చచ్చుబడతాయని ఫ్రెంచి వైద్యులు అంతకు ఎన్నో ఏళ్ల ముందే రాసి పెట్టారు. సీరమే పుట్టని కాలంలో సీరం వల్ల చచ్చుబాటు ఎలా వస్తుంది?

మరో ఆధారం. 1888లో పారిస్‌లో రూ, యెర్సిన్ ఈ సూక్ష్మజీవి పెరిగిన ద్రవాన్ని వడగట్టి, జీవి లేని ద్రవాన్ని మాత్రమే జంతువులకు ఎక్కించారు. వాటికి అదే జబ్బు వచ్చింది. అంటే సూక్ష్మజీవి గొంతు దాటి లోపలికి పోనక్కరలేదు, దాని విషం పోతే చాలు. ఆ విషం గుండెను, నరాలను వెతుక్కుంటూ పోతుంది. ఇంకో విడ్డూరం, ఆ విషం తయారు చేసే జన్యువు సూక్ష్మజీవిది కూడా కాదు. దాన్ని పట్టిన ఒక వైరస్‌ది. అరువు తెచ్చుకున్న ఆయుధం.

అనుమానాల_పుట్ట
సరే, 1890కి ముందే ఉందంటే ఒప్పుకోక తప్పదు. కానీ సీరం వల్ల అసలు ఏ ఇబ్బందీ ఉండదా?

వార్డు_సిస్టర్
ఎందుకు ఉండదు, ఉంటుంది. ఇచ్చేముందు చర్మం మీద పరీక్ష చేసేది అందుకే. కొందరికి వెంటనే ఒళ్లు దద్దుర్లు, ఆయాసం రావచ్చు. కొందరికి వారం పది రోజుల తరువాత జ్వరం, దురద, కీళ్ల నొప్పులు వస్తాయి. చచ్చుబాటు మాత్రం దాని పద్దులో రాయకండి. సీరం పని రక్తంలో తిరుగుతున్న విషాన్ని పట్టుకోవడం. కణంలోకి దూరిన విషాన్ని అది ఏమీ చేయలేదు. అందుకే పరీక్ష ఫలితం కోసం ఆగకుండా, అనుమానం రాగానే ఇస్తారు. ఇప్పుడు పాపకు మళ్లీ సీరం ఇచ్చినా లాభం లేదు.

స్వర్ణముఖి
విషం అప్పుడే పోయి ఉంటే నరాలు ఇప్పుడెందుకు దెబ్బ తింటాయి? వారాల తరువాత?

లైన్‌మన్_పీలేరు
మా అబ్బాయికి ఇదే వచ్చినప్పుడు నరాల డాక్టరు నాకు అర్థమయ్యే భాషలో చెప్పాడు. తీగ తెగలేదు, పైన తొడుగు ఊడింది అన్నాడు. తొడుగు ఊడితే కరెంటు కారిపోతుంది, చివరి ఇంటికి వెలుగు మందగిస్తుంది. తొడుగు మళ్లీ కట్టుకుంటుంది కాబట్టి బాగవుతాడు అన్నాడు. నాకు ఆ ఒక్క మాటతో ప్రాణం లేచి వచ్చింది.

రిటైర్డ్_సైన్సు_మాస్టారు
లైన్‌మన్‌గారి డాక్టరు తక్కువ మాటల్లో బాగా చెప్పాడు. ఆ తొడుగు పేరు మయలిన్. దాన్ని అల్లే కణాల్లో ప్రోటీన్ తయారీని ఈ విషం ఆపేస్తుంది. అంతకుముందు అల్లినది కొన్నాళ్లు నిలుస్తుంది. అరిగిపోతున్నకొద్దీ కొత్తది రాకపోవడంతో లోటు వారాల తరువాత బయటపడుతుంది. ఆలస్యానికి ఒక ముఖ్య కారణం అది.

చంద్రగిరి_మేనమామ
ఆస్పత్రి నుంచి రాస్తున్నాను. సిస్టర్ చెప్పిందే డాక్టరుగారూ చెప్పారు. చేర్చుకున్నారు. ముక్కులోంచి సన్నటి గొట్టం వేసి దాని ద్వారా పాలు పోస్తున్నారు. నెత్తురు పరీక్ష, మళ్లీ ఈసీజీ అయ్యాయి. గుండె ప్రస్తుతానికి బాగుందన్నారు. అక్కకు కాస్త ధైర్యం వచ్చింది. అమ్మ మాత్రం మిరియాల పొట్లం సంచిలోనే పెట్టుకుంది.

తోతాపురి
పొట్లం మీద ఒక కన్ను వేసి ఉంచండి.

బైరాగిపట్టెడ_అమ్మ
టీకాలు వేయించలేదా? ఉచితంగా వేస్తుంటే కూడా...

మా_వీధి_ఆశా
బైరాగిపట్టెడ అక్కా, ఆ ప్రశ్న ఇప్పుడు ఆస్పత్రి మంచం దగ్గర అడగకండి. నేను ఇంటింటికీ తిరిగేదాన్ని. మొదటి మూడు డోసులు, అంటే ఆరు, పది, పద్నాలుగు వారాలవి, దాదాపు అందరూ వేయిస్తారు. జారిపోయేది తరువాతవే. ఏడాదిన్నర దగ్గర ఒక బూస్టరు, అయిదేళ్లు దాటాక ఇంకొకటి. అప్పటికి పిల్లవాడు నడుస్తుంటాడు, పరిగెత్తుతుంటాడు, ఇంకేమి టీకా అనుకుంటారు. ఇటుక బట్టీలకు, బెంగళూరు పనులకు పోయే కుటుంబాల్లో కార్డు ఒక ఊళ్లో, పిల్లలు ఒక ఊళ్లో. పది, పదహారు ఏళ్లకు టీడీ (ధనుర్వాతం, డిఫ్తీరియా టీకా) ఉందని తెలిసినవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. రక్షణ కాలంతో పాటు తగ్గుతుంది, ఆ డోసులు పెట్టింది అందుకే.

చంద్రగిరి_మేనమామ
ఆశా అక్క చెప్పిన కథే మాది. బావ పని మీద హోసూరు వెళ్లారు, మొదటి మూడూ పడ్డాయి, బూస్టర్లు పడలేదు.

బైరాగిపట్టెడ_అమ్మ
ఉండబట్టలేక అడిగాను. పాప తొందరగా కోలుకోవాలి.

నిద్రపట్టని_నాన్న
ఇప్పుడు రాయగలను. మా వాడికి ఎనిమిదేళ్లప్పుడు వచ్చింది. అంగిలి వారంలో కొంచెం కుదుటపడింది. ఆ తరువాత కళ్లు. బోర్డు మీద రాసింది చదువుతాడు, చేతిలో పుస్తకం చదవలేడు. అక్షరాలు అలుక్కుపోయాయంటాడు. చేయి బారుగా చాచి పుస్తకం దూరం పెట్టి చదివేవాడు. అన్నంలో చేపముల్లు కనబడక పళ్లెం దూరంగా జరిపి తల వెనక్కి వాల్చేవాడు. చదువు తప్పించుకోవడానికి వేషాలని బడిలో ఒకరు అన్నారు. కళ్లద్దాల కొట్టులో అద్దాలు కూడా రాసిచ్చారు. కంటి డాక్టరు చూసి, దగ్గరి వస్తువు మీద చూపు నిలిపే కండరం తాత్కాలికంగా పడుకుందని, అద్దాలు కొనవద్దని చెప్పారు. నిజంగానే కొన్ని వారాల్లో దానంతట అదే సర్దుకుంది. మేనమామగారూ, రేపో మాపో పాప చిన్న అక్షరాలు కనబడడం లేదన్నా, మెల్లకన్ను కనబడినా గుండె జారిపోకండి. డాక్టరుకు చెప్పండి, అంతే.

లైన్‌మన్_పీలేరు
మా వాడికి కళ్లు బాగానే ఉన్నాయి, కాళ్లు పోయాయి. అందరికీ అన్నీ రావు.

వెల్లూరు_రోడ్డు
మా చిన్నాన్న మనవడి సంగతి వేరేగా నడిచింది. కాళ్ల బలహీనతతోనే తీసుకెళ్లారు, ముందు నెలలో వచ్చిన గొంతు నొప్పి సంగతి ఎవరూ చెప్పలేదు. 2025 జనవరిలో పుణె నుంచి జీబీఎస్ (గిలియన్-బారీ సిండ్రోమ్, ఒంటి రక్షణ వ్యవస్థే నరాల మీద దాడి చేసే జబ్బు) వార్తలు టీవీలో ఊదరగొట్టిన రోజులు. ఇక్కడ ఒక ప్రైవేటు చోట జీబీఎస్ అని ఖరీదైన ఇంజెక్షన్లు మొదలుపెట్టారు. వెల్లూరు తీసుకెళ్తే అక్కడి డాక్టరు మొదట అడిగింది "గొంతు ఎప్పుడైనా మారిందా, నీళ్లు ముక్కులోకి వచ్చాయా" అని. అప్పుడు గానీ కథ మలుపు తిరగలేదు.

కాళ్లూ_చేతులూ
ఫిజియోథెరపీ మనిషిని. పొరపాటు పడడం తేలికే. రెండింటిలోనూ మోకాలి మీద సుత్తితో కొడితే కాలు ఎగరదు, వెన్నునీటి పరీక్ష కూడా ఒకేలా ఉండవచ్చు. తేడా వరుసలో ఉంటుంది. జీబీఎస్ ఎక్కువగా కాళ్లలో మొదలై పైకి పాకుతుంది, నాలుగు వారాల్లోపు అడుగంటుతుంది. ఇది గొంతులో మొదలై, కాస్త తగ్గినట్టు అనిపించి, నెల దాటాక కాళ్లు చేతుల్లో రెండో విడత చూపిస్తుంది. కొందరికి రెండు మూడు నెలల దాకా కూడా కొత్త బలహీనత రావచ్చు. గొంతు కథ చెప్పకపోతే ఎంత పెద్ద డాక్టరైనా తడబడతాడు.

అనుమానాల_పుట్ట
రెండు విడతల్లోనూ బాగవుతుందని ఇక్కడ అందరూ హామీలు ఇస్తున్నారు. అంత ఖాయమా?

ఏటిగట్టు
ఖాయం కాదు. మా ఊళ్లో మా ఇంటి వెనక వీధి పిల్లవాడు పోయాడు. గొంతు తగ్గింది, ఇంటికి వచ్చాడు, వీధిలో బంతి ఆడుతూ కుప్పకూలాడు. నరాలు కాదు, గుండె అన్నారు. "అంతా సర్దుకుంటుంది" అని రాసేవాళ్లు ఈ సంగతి కూడా రాయాలి.

వార్డు_సిస్టర్
ఏటిగట్టుగారు చెప్పింది నిజం, దాన్ని తగ్గించి రాయను. ఈ జబ్బులో ప్రాణాలు తీసేవి ముఖ్యంగా మూడు. మొదటి రోజుల్లో పొర అడ్డుపడి ఊపిరి ఆడకపోవడం. తరువాత గుండె. ఎక్కువగా మొదటి రెండు వారాల్లో బయటపడుతుంది, ఆరో వారం దాకా కూడా కనిపెట్టుకుని ఉండాలి. మూడోది డయాఫ్రమ్, అంటే ఊపిరి పీల్చే పెద్ద కండరం బలహీనపడడం, నెల దాటాక. ఇవి దాటిన పిల్లల్లో నరాల బలహీనత దాదాపు పూర్తిగా పోతుంది. నేను చెప్పేది దాటినవాళ్ల గురించే. అందుకే పిల్లలు ఎంత హుషారుగా ఉన్నా మంచం మీదే ఉంచమంటాం, మెట్లు ఎక్కనివ్వం.

మేనమామగారూ, రోజూ ఉదయం, సాయంత్రం పాప చేత ఒక్క గుక్కలో అంకెలు లెక్కపెట్టించండి. ఎంతదాకా వెళ్లిందో రాసి పెట్టండి. అంకె తగ్గుతోందంటే ఊపిరి బలం తగ్గుతోందన్నమాట. చొక్కా తీసి పొట్ట కూడా చూడండి. గాలి పీల్చినప్పుడు పొట్ట పైకి లేవాలి. లోపలికి పోతుంటే తక్షణం పిలవండి.

చంద్రగిరి_మేనమామ
రాసి పెడుతున్నాం. ఈ లెక్కపెట్టడం పాపకు ఆటైపోయింది. పక్క మంచం పిల్లవాడు పోటీకి వస్తున్నాడు, వాడే గెలుస్తున్నాడు.

తోతాపురి
పోటీ పెట్టకండి, పాప గెలవాలని ఊపిరి బిగబట్టి అలసిపోతుంది. పక్క మంచం వాడికి ఒక మామిడి పండు లంచం ఇచ్చి పంపేయండి. ఈ ఏడు ధర ఎలాగూ లేదు, బస్తా నేనే పంపుతాను.

పలుకుబడి
గొట్టం తీశాక తిండి మొదలుపెట్టేటప్పుడు గుర్తుంచుకోండి: ఇలాంటి పిల్లలకు నీళ్లు, మజ్జిగ, పలచటి చారు కష్టం. కాస్త చిక్కగా ఉన్నవి సులువు. నిటారుగా కూర్చోబెట్టి, గడ్డం కొంచెం కిందికి వంచమని, చెంచాడు చెంచాడు, మింగాకే తరువాతి చెంచా. రాగి జావ పలచగా కాకుండా చెంచాకు అంటుకునేలా కాయండి. సంగటి ముద్దల జోలికి మాత్రం ఇప్పుడే పోకండి, జిగురుగా గొంతుకు పడుతుంది. ఏ రోజు ఏది మొదలుపెట్టాలో అక్కడివాళ్లు మింగే తీరు చూసి చెప్పాలి, నేను ఇక్కడి నుంచి చెప్పడం సరికాదు.

పుంగనూరు_అత్త
మా నాటు ఆవుపాలు చిక్కనివి. పట్టండి.

పలుకుబడి
పుంగనూరు ఆవుపాలలో వెన్న ఎక్కువే అత్తా, కానీ గొంతు దగ్గర అవి కూడా నీళ్లలాగే జారతాయి.

చంద్రగిరి_మేనమామ
చాలా రోజులకు రాస్తున్నాను. గొట్టం తీసేశారు, జావ తాగుతోంది, "పప్పు" దాదాపు పప్పే అయింది. ఇంటికి వచ్చేశాం. కానీ లైన్‌మన్ అన్న చెప్పినట్టే కాళ్లు మొదలయ్యాయి. కింద కూర్చుంటే లేవలేకపోతోంది. రెండు చేతులూ తొడల మీద ఆనించి, ఒళ్లు పైకి తోసుకుంటూ లేస్తోంది. చెప్పులు జారిపోతున్నాయి, జారిన సంగతి కూడా తెలియడం లేదు. మళ్లీ చూపించాం, నరాల పరీక్ష చేశారు, అనుకున్నదే అన్నారు. ఊపిరి అంకె తగ్గలేదు.

ఇంకో గొడవ. ఆరోగ్య శాఖవాళ్లు ఇంటికి వచ్చి పాప మలం నమూనాలు రెండు తీసుకెళ్లారు, ఒకటి నిన్న, ఒకటి ఈ రోజు, ఐసు పెట్టెలో. వీధిలో పోలియో అని పాకిపోయింది. ఎవరూ పిల్లలను ఆడుకోవడానికి పంపడం లేదు. నిజంగా పోలియో అనుమానమా?

మా_వీధి_ఆశా
కాదు కాదు, భయపడకండి. పదిహేనేళ్లలోపు పిల్లలకు ఉన్నట్టుండి కాలో చెయ్యో మెత్తబడితే, కారణం ఏదని తెలిసినా సరే, ఆ కేసు నమోదు చేసి రెండు మల నమూనాలు పంపాలి. ఒకదానికీ మరొకదానికీ కనీసం ఒక రోజు తేడా ఉండాలి, బలహీనత మొదలైన రెండు వారాల్లోపు తీయాలి. మన దేశంలో చివరి పోలియో కేసు 2011 జనవరిలో, బెంగాల్ హావ్‌డాలో. 2014 మార్చిలో పోలియో లేదని ధ్రువపత్రం వచ్చింది. ఆ మాట నిలబడాలంటే ఇలా ప్రతి కేసునూ చూడాల్సిందే. రెండు నెలలకు మళ్లీ వచ్చి కాళ్లు పరీక్షిస్తారు, అప్పుడు కూడా వీధి కంగారుపడకుండా ముందే చెప్పి ఉంచండి. ఎవరైనా గొణిగితే వాళ్ల పిల్లల టీకా కార్డు చూపించమనండి, వెంటనే ఇంట్లోకి వెళ్లిపోతారు.

తోతాపురి
ఆశా అక్క చివరి వాక్యం గంగమ్మ జాతరలో మైకు పెట్టి చదవాలి.

పుంగనూరు_అత్త
కాళ్లు లేవకపోతే పుత్తూరు తీసుకెళ్లండి. కట్టు కడితే ఎంత పెద్ద ఎముక విరిగినా అతుక్కుంటుంది.

కాళ్లూ_చేతులూ
అత్తా, పుత్తూరు కట్టు ఎముకలకు. ఇక్కడ ఎముక నిక్షేపంగా ఉంది. బలహీనపడిన కాలికి బిగించి కట్టు కడితే కదలిక పోయి కండరం మరింత కరుగుతుంది, కీలు బిగుసుకుంటుంది. నూనె మర్దనా మెత్తగా చేస్తే అభ్యంతరం లేదు, పాపకు హాయిగా ఉంటుంది, అంతకు మించి దానికి పని అప్పగించవద్దు.

చేయవలసింది: రోజూ ప్రతి కీలునూ పూర్తిగా కదిలించడం, మడమ వెనక కండర తాడు (టెండన్) బిగుసుకోకుండా పాదాన్ని పైకి వంచి పట్టడం. పాదం వాలిపోతుంటే రాత్రిపూట తేలికపాటి ప్లాస్టిక్ ఆధారం. గుండె డాక్టరు సరేనన్నాకే వ్యాయామం పెంచాలి. ఆయాసం, అలసట కనబడితే ఆపేయాలి. స్పర్శ తగ్గింది కాబట్టి వేడినీళ్లతో జాగ్రత్త, కాలి మీద పోసేముందు మీ చేతి మీద పోసుకోండి.

అనుమానాల_పుట్ట
స్టెరాయిడ్లు ఇస్తే తొందరగా తగ్గదా? నరాల జబ్బులకు ఇస్తారని విన్నాను.

వార్డు_సిస్టర్
ఈ జబ్బులో పిల్లలకు ఇచ్చి చూశారు పుట్టగారూ. గుండెకు గానీ నరాలకు గానీ ఉపయోగం కనబడలేదు. దీనికి ప్రత్యేకంగా నరాల మందంటూ లేదు. ఊపిరి, మింగడం, గుండె కాచుకుంటూ ఉంటే ఒళ్లు తనంతట తనే బాగుచేసుకుంటుంది. విటమిన్ సిరప్‌లు రాస్తారు, రాయనివ్వండి.

వేదిక_నిర్వాహకుడు
మూలికా లేహ్యం ధరతో సహా పెట్టిన రెండు సందేశాలు తొలగించాను. మందుల మోతాదులు కూడా ఇక్కడ రాయవద్దు. మిగతాది కొనసాగించండి.

లైన్‌మన్_పీలేరు
మేనమామగారూ, మా వాడికి కాళ్లు రావడానికి నెలలు పట్టింది. మొదట చేతులు వదిలి లేచాడు, తరువాత మెట్లు, ఆఖరున పరుగు. ఇప్పుడు స్తంభం ఎక్కుతానంటాడు. నా ఉద్యోగం వాడికి ఇవ్వను.

స్వర్ణముఖి
మా ఇంట్లో పెళ్లి ఉంది. పిన్నిగారి మనవడికి ఇలాగే వచ్చి తగ్గింది. పెళ్లికి పిలవాలా వద్దా అని ఇంట్లో రెండు పార్టీలు అయ్యాయి. ఈ చర్చ మొత్తం చదివి వినిపించాను. ఒక పార్టీ ఓడిపోయింది.

చంద్రగిరి_మేనమామ
పాప గోడ పట్టుకోకుండా నడుస్తోంది. మోకాలి మీద సుత్తి వేస్తే ఇంకా కాలు ఎగరడం లేదు. అది అన్నిటికంటే ఆఖరున వస్తుందని డాక్టరుగారు నవ్వారు. పాపకు అదే పెద్ద దిగులు, ఇంట్లో గరిటెతో కొట్టుకుని చూసుకుంటోంది. ఒక్కటే సందేహం మిగిలింది. జబ్బే వచ్చి పోయింది కదా, ఇంకా టీకా ఎందుకని బావ అడుగుతున్నారు.

వార్డు_సిస్టర్
వచ్చి పోయినంత మాత్రాన రక్షణ వస్తుందన్న భరోసా ఈ జబ్బులో లేదు. జబ్బు తెచ్చే విషం పరిమాణం ఒంటికి పాఠం నేర్పడానికి చాలకపోవచ్చు. కోలుకునేటప్పుడే వేయించాలి. పాపకు ఏడు నిండేలోపైతే డీపీటీ (డిఫ్తీరియా, కోరింత దగ్గు, ధనుర్వాతం టీకా), నిండితే టీడీ. ఆశా అమ్మాయి ఉంది కదా, కార్డు చూపిస్తే ఏవి బాకీ ఉన్నాయో తను చెబుతుంది. చంటివాడివి కూడా చూపించండి. పాప అమ్మ, నాన్న, మీరు కూడా టీడీ గురించి అడగండి.

చంద్రగిరి_మేనమామ
పాపకు వచ్చే నెలలో ఏడు నిండుతాయి. కార్డు దొరికింది, హోసూరు సామాను పెట్టెలో గ్యాసు పుస్తకం కింద ఉంది. బుధవారం అందరం వెళ్తున్నాం.

మా_వీధి_ఆశా
పదిన్నరకల్లా రండి. తరువాత రద్దీ. అమ్మమ్మగారిని కూడా తీసుకురండి, పొట్లం ఇంట్లో పెట్టి.